లోహం మీద అతినీలలోహిత లేజరు జాడ

అతినీలలోహిత లేజరు కిరణం కంటికి కనిపించదు. అది పడిన లోహపు రేకు కూడా ఏమీ జరగనట్టే ఉంటుంది. ప్రయోగశాలలో ఆ కిరణం రేకు మీద ఎక్కడ పడుతోందో, ఎంత మేర పరుచుకుందో, అంచు తగిలి ఎటు చెదురుతోందో పట్టుకునే పద్ధతుల గురించి ఈ వ్యాసం. పద్ధతులు చాలా ఉన్నా కిటుకు ఒక్కటే. లోహం చేత వెలుగు పలికించలేం కాబట్టి, పలికే పొర ఒకటి దాని మీద పరవాలి. కృష్ణా డెల్టాలో ఈ పని లేజర్ల ఊసు లేని రోజుల నుంచీ వేరే పేర్లతో సాగుతూనే ఉంది. విజయవాడ అచ్చాఫీసుల్లో అల్యూమినియం ప్లేట్ల మీద జరిగింది ఇదే. బ్యాంకు కౌంటర్ల దగ్గర నోట్ల పరీక్షలోనూ, ఇనుములో పగుళ్లు వెతికే చోటా వాడేది ఇదే.

కంటికి అందని వెలుగు

మనిషి కన్ను సుమారు 400 నానోమీటర్ల నుంచి 700 నానోమీటర్ల దాకా ఉన్న తరంగదైర్ఘ్యాలను చూస్తుంది. 400 కంటే కురచవి అతినీలలోహితం. 1801లో జర్మనీలో యోహాన్ విల్హెల్మ్ రిట్టర్, వర్ణపటంలో ఊదారంగు అయిపోయిన చోటుకు అవతల సిల్వర్ క్లోరైడ్ పూసిన కాగితం పెట్టి చూశాడు. కంటికి చీకటిగా ఉన్న ఆ చోటే కాగితం అన్నిటికంటే ముందు నల్లబడింది. కనిపించని వెలుగు మొదటిసారి మనిషికి తెలిసిందే ఇలా, ఒక పూత మీద పడిన మరకగా. రెండు వందల ఏళ్లు దాటినా పద్ధతి పెద్దగా మారలేదు.

నిజానికి రెటీనాకు ఈ వెలుగు బొత్తిగా తెలియకపోదు. 360 నానోమీటర్ల ప్రాంతపు కిరణాన్ని అడ్డుకునేది కంటిలోని కటకం. పాత పద్ధతిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకుని, కటకం పూర్తిగా తీయించుకుని, సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దవాళ్లలో కొందరికి ఈ కిరణం తెల్లటి నీలంగా కనిపించేది. ఇప్పుడు అమర్చే కృత్రిమ కటకాల్లో అతినీలలోహితాన్ని ఆపే పదార్థం కలుపుతారు కాబట్టి ఆ అవకాశం పోయింది. పోవడమే మేలు.

ప్రయోగశాలల్లో తరచు ఎదురయ్యే అతినీలలోహిత లేజర్లు కొన్నే. నియోడిమియం యాగ్ లేజరు అసలు తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. స్ఫటికాల గుండా పంపి దాని పౌనఃపున్యాన్ని మూడింతలు చేస్తే 355, నాలుగింతలు చేస్తే 266 వస్తాయి. నైట్రోజన్ లేజరు 337 దగ్గర, హీలియం కాడ్మియం లేజరు 325 దగ్గర పనిచేస్తాయి. ఎక్సైమర్ లేజర్లలో జెనాన్ క్లోరైడుది 308, క్రిప్టాన్ ఫ్లోరైడుది 248, ఆర్గాన్ ఫ్లోరైడుది 193. తరంగదైర్ఘ్యం తగ్గే కొద్దీ ఒక్కో ఫోటాన్ మోసే శక్తి పెరుగుతుంది. 355 దగ్గర అది 3.5 ఎలక్ట్రాన్ వోల్టులు, 193 దగ్గర 6.4. ఆకుపచ్చ వెలుగు ఫోటాన్‌లో ఉండేది రెండున్నర కూడా కాదు.

లోహం ఎందుకు మెరవదు

పచ్చ లేజరు చుక్కను గోడ మీదా, గరుకు ఇనుము మీదా చూడగలుగుతున్నామంటే కారణం పరిక్షేపణం. పడిన వెలుగులో కొంత నలుదిక్కులా చెదిరి మన కంటికి చేరుతుంది. అతినీలలోహిత కిరణం కూడా ఇలాగే చెదురుతుంది. ఇంకా ఎక్కువే చెదురుతుంది, ఎందుకంటే గాలిలో అణువుల వల్ల జరిగే పరిక్షేపణం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది. అయినా లాభం లేదు. చెదిరిన వెలుగు కూడా అదే తరంగదైర్ఘ్యంతో ఉంటుంది కదా. ఎర్ర లేజరు దారిని చూపించే సాంబ్రాణి పొగ 266 నానోమీటర్ల కిరణం దగ్గర పనికిరాదు.

కావలసింది దిశ మారడం కాదు, రంగు మారడం. ఆ పని చేసేది ప్రతిదీప్తి. పదార్థం ఎక్కువ శక్తి ఉన్న ఫోటాన్‌ను మింగి, కొంత శక్తిని వేడిగా పోగొట్టుకుని, మిగిలినదాన్ని తక్కువ శక్తి గల ఫోటాన్‌గా విడుదల చేస్తుంది. 1852లో జార్జ్ గేబ్రియెల్ స్టోక్స్ దీన్ని వివరంగా పరిశీలించి, ఫ్లోర్‌స్పార్ ఖనిజం పేరు మీదుగా ఈ దృగ్విషయానికి పేరు పెట్టాడు. అతని ప్రయోగాల్లో ముఖ్యమైన ద్రవం క్వినైన్ ద్రావణం. మలేరియాకు వాడిన ఆ చేదు మందే కిరణం పడగానే నీలంగా వెలిగింది.

పరిక్షేపణం, ప్రతిదీప్తి ఒకదాన్నొకటి పోలి ఉండి పరిశోధకులను తికమకపెట్టిన కథ మనవాళ్లకు దగ్గరిదే. 1928లో కలకత్తాలో రామన్ ద్రవాలలో చూసిన మసక వెలుగును మొదట బలహీనమైన ప్రతిదీప్తి అనే అనుకున్నారు. అది ధ్రువితమై ఉండటం వల్ల వేరే సంగతని తేలింది. ఆ రోజుల్లో రామన్ దగ్గర చేరిన యువకుల్లో కృష్ణా జిల్లాలో పుట్టిన సూరి భగవంతం ఒకరు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉండి, 1940లో పరిక్షేపణం మీదా రామన్ ఫలితం మీదా ఆయన వెలువరించిన గ్రంథం చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది. లేజర్లు లేని ఆ కాలంలో అతినీలలోహిత ఏకవర్ణ కాంతికి ఆధారం పాదరస దీపపు 253.7 నానోమీటర్ల రేఖ. దాన్ని చూడటానికి క్వార్ట్జ్ పట్టకం, ఫోటో ప్లేటు కావాలి. ఇంకా కురచ తరంగాల దగ్గర ఫోటో ప్లేటులోని జెలటిన్ కూడా కిరణాన్ని మింగేస్తుంది. అందుకని ప్లేటు మీద పలచగా నూనె గానీ సోడియం సాలిసిలేటు గానీ పూసేవారు. ఆ పూత అతినీలలోహితాన్ని నీలి వెలుగుగా మార్చి కింద ఉన్న ప్లేటుకు అందించేది.

లోహానికి ఈ గుణం ఎందుకు లేదు? లోహంలో ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడి ఉండవు. కిరణం ఇచ్చిన శక్తిని అవి పక్క ఎలక్ట్రాన్లతోనూ స్ఫటిక కంపనాలతోనూ క్షణంలో పంచేసుకుంటాయి. వెలుగుగా తిరిగి ఇచ్చేలోపే శక్తి వేడిగా కరిగిపోతుంది. 1969లో మూరాడియన్ అనే భౌతిక శాస్త్రవేత్త బంగారం, రాగి కూడా కాస్త వెలుగుతాయని చూపించాడు. అయితే వెయ్యి కోట్ల ఫోటాన్లు మింగితే తిరిగి వచ్చేది ఒకటి. కంటికి అది చీకటే.

లోహం బదులు చెప్పకపోలేదు, వెలుగు భాషలో చెప్పదంతే. 1887లో హైన్రిచ్ హెర్ట్జ్ అతినీలలోహితం పడిన లోహపు గుండ్ల మధ్య నిప్పురవ్వ సులువుగా దూకుతోందని గమనించాడు. కిరణం లోహం లోంచి ఎలక్ట్రాన్లను బయటికి తోస్తోంది. 266 నానోమీటర్ల ఫోటాన్‌కు అల్యూమినియం నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి సరిపడా శక్తి ఉంది. గాలిలో ఆ ఎలక్ట్రాన్ ఎంతో దూరం పోదు, మన కంటికీ అందదు. కానీ శూన్యంలో దాన్ని పరిగెత్తించి ఫాస్ఫర్ తెర మీద కొట్టిస్తే ఆ తెర వెలుగుతుంది. రాత్రిపూట చూపునిచ్చే పరికరాల గుండెకాయ ఇదే ఏర్పాటు: కాంతిని ఎలక్ట్రాన్‌గా మార్చే పొర, ఎలక్ట్రాన్ల సంఖ్యను పెంచే పలక, వాటిని తిరిగి వెలుగుగా మార్చే ఫాస్ఫర్. మొదటి పొర ఇక్కడ లోహం కాదు, అర్ధవాహకం. ఈ పరికరాలకు డెల్టాతో చుట్టరికం ఉంది. మచిలీపట్నంలో 1926లో మొదలైన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ కళాశాలల ప్రయోగశాలలకు పరికరాలు తయారుచేసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి దృశ్య పరికరాల కర్మాగారమైంది. సైన్యానికి రాత్రి చూపు పరికరాలు అక్కడ తయారవుతున్నాయి. వాటిలో వెలుగును పెంచే గొట్టం భారత్ ఎలక్ట్రానిక్స్‌కే చెందిన పుణె అనుబంధ సంస్థలో తయారవుతుంది.

అన్ని లోహాలూ ఒకే తీరుగా ఉండవన్నది లేజరు ముందు పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. శుభ్రమైన అల్యూమినియం అతినీలలోహితంలో దాదాపు తొంభై శాతాన్ని వెనక్కి కొడుతుంది. కంటికి అంత మెరిసే వెండి 320 నానోమీటర్ల దగ్గర హఠాత్తుగా అద్దం గుణం కోల్పోతుంది. బంగారం, రాగి సగం కూడా తిప్పికొట్టవు. నునుపైన అల్యూమినియం అయితే కిరణం ఒకే దిక్కుకు జారిపోతుంది. కంటికి కనిపించే మెరుపును బట్టి ప్రమాదాన్ని అంచనా వేసేవాడు ఇక్కడ మోసపోతాడు.

విజిటింగ్ కార్డు

ప్రయోగశాలల్లో మొదట చేతికి దొరికే సాధనం తెల్లని విజిటింగ్ కార్డు ముక్క. లోహం మీద కార్డు ఆనిస్తే కిరణం పడిన చోట నీలి చుక్క వెలుగుతుంది. కాగితాన్ని తెల్లగా చూపడానికి మిల్లులో కలిపే స్టిల్బీన్ జాతి రసాయనాల మహిమ ఇది. అవి 340 నుంచి 370 నానోమీటర్ల ప్రాంతంలో వెలుగును మింగి, 420 నుంచి 470 మధ్య నీలంగా విడుదల చేస్తాయి. 1929లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రైస్ ఒక చెట్టు బెరడు నుంచి తీసిన ఈస్కులిన్‌తో బట్టలు తెల్లగా కనిపిస్తాయని చూపడంతో ఈ వ్యాపారానికి బీజం పడింది.

చాకిరేవు అనుభవం ఉన్న తరానికి ఇది కొత్త కాదు. టినోపాల్ వేసి ఆరేసిన చొక్కా ఎండలో కళ్లు జిగేలుమనిపించేది. అందులో ఉన్నది ఈ జాతి పదార్థమే. నీలిమందు సంగతి వేరు. అది బట్టలోని పసుపు ఛాయను నీలంతో కప్పిపుచ్చుతుంది తప్ప కొత్త వెలుగేమీ కలపదు. అతినీలలోహిత టార్చి కింద పెడితే టినోపాల్ చొక్కా వెలుగుతుంది, నీలిమందు పంచె వెలగదు.

బ్యాంకులో నోటును అతినీలలోహిత దీపం కింద పెట్టడంలో తర్కం దీనికి తలకిందులు. నోటు కాగితంలో తెల్లదనపు రసాయనం ఉండదు, కాబట్టి కాగితం మసకగా ఉండిపోతుంది. సంఖ్యలు అచ్చు వేసిన ప్రతిదీప్తి సిరా, కాగితంలో అక్కడక్కడా కలిపిన సన్నని పీచులు మాత్రం మెరుస్తాయి. మామూలు తెల్లకాగితం మీద కొట్టిన దొంగనోటు ఒళ్లంతా నీలంగా వెలిగి తనను తానే పట్టిస్తుంది.

కార్డుకు పరిమితులు చాలానే ఉన్నాయి. 355 దగ్గర బాగా పనిచేస్తుంది, 266, 248 దగ్గర కాస్త మందగించినా వెలుగుతుంది. కిరణం బలంగా ఉంటే కాసేపటికి ఆ చోట రసాయనం చచ్చిపోయి చుక్క మసకబారుతుంది, ఇంకా బలమైతే కాగితం కమురుతుంది. అసలు లోపం మరొకటి. కాగితపు పీచుల్లో వెలుగు పక్కలకు పాకుతుంది. కిరణం మధ్యలో రసాయనం ఇవ్వగలిగినంత ఇచ్చేశాక, అంచుల్లో మాత్రం ఇంకా పెంచుతూ పోతుంది. రెండూ కలిసి చుక్క ఉన్నదానికంటే పెద్దగా, చదునుగా కనిపిస్తుంది. కార్డు మీద స్కేలు పెట్టి కిరణం వ్యాసం కొలిచే అలవాటు మానుకోవాలి. కిరణం ఎక్కడ ఉందో చెప్పడానికే కార్డు, ఎంత ఉందో చెప్పడానికి కాదు.

సిరా, పసుపు, పొడి

కార్డు మందం వల్ల లోహపు తలానికీ చుక్కకూ మధ్య ఎడం వస్తుంది. వంపు తిరిగిన లోహం మీద అది ఒదగదు. అప్పుడు లోహాన్నే తాత్కాలికంగా వెలిగే వస్తువుగా మార్చాలి. హైలైటర్ పెన్నుతో మాస్కింగ్ టేపు మీద గీసి, ఆ టేపును లోహానికి అంటించడం సులువైన పని. పని అయ్యాక టేపు ఊడదీస్తే సరిపోతుంది. లోహం మీదే గీసిన సిరాను స్పిరిట్ గుడ్డతో తుడవచ్చు. అద్దాల మీదా కటకాల మీదా మాత్రం ఈ పని ఎవరూ చేయకూడదు. మిగిలిన పొర కిరణాన్ని మింగి అద్దపు పూతను కాలుస్తుంది.

పూయకుండానే వెలిగేవీ ఉన్నాయి. యంత్రనూనె మరకలూ వేలిముద్రలూ అతినీలలోహితం కింద నీలంగా మసకమసకగా వెలుగుతాయి. బాగా తుడిచిన స్టీలు దిమ్మె మీద కనిపించని కిరణం, ఎవరో ముట్టుకున్న మూల మీదికి జరగగానే బయటపడుతుంది. ప్రయోగశాలలో మురికి పనికొచ్చే అరుదైన సందర్భం ఇది.

డెల్టా వంటింట్లోనే ఒక ప్రతిదీప్తి పదార్థం ఉంది. దుగ్గిరాల యార్డులో బస్తాలకొద్దీ అమ్ముడయ్యే పసుపులోని కర్కుమిన్, స్పిరిట్‌లో కరిగించి అతినీలలోహిత టార్చి కింద పెడితే పచ్చని పసుపు రంగులో మెరుస్తుంది. నీళ్లలో మాత్రం అంతగా వెలగదు. అద్దుడు కాగితం మీద ఆ ద్రావణం పూసి ఆరబెడితే, ఇంటర్మీడియట్ విద్యార్థికి ప్రతిదీప్తి చూపించడానికి ఇంతకంటే చవక మార్గం లేదు. లేజరు ప్రయోగశాలకు అది పనికిరాకపోవడానికి కారణం ప్రతి ఇల్లాలికీ తెలుసు: పసుపు మరకైన చీరను ఎండలో ఆరేస్తే మరక పోతుంది. ఎండలోని అతినీలలోహితం కర్కుమిన్ అణువును విరగ్గొడుతుంది. లేజరు అదే పనిని చాలా తొందరగా చేస్తుంది. కర్బన రసాయనాలన్నిటికీ, హైలైటర్ సిరాతో సహా, ఎక్కువ తక్కువగా ఇదే జబ్బు.

ఎక్కువకాలం నిలవాలంటే అకర్బన ఫాస్ఫర్లు కావాలి. సీరియం కలిపిన యాగ్ స్ఫటికం 550 నానోమీటర్ల ప్రాంతంలో పసుపుపచ్చగా వెలుగుతుంది. కంటి చూపు చురుకైన చోటు కూడా అదే, 555. మాంగనీసు కలిసిన జింకు సిలికేటు 254 కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. క్రోమియం కలిపిన అల్యూమినా పలకలు ఎర్రగా, కెంపు లాగే 694 దగ్గర వెలుగుతాయి. వీటిని కణ త్వరణ యంత్రాల్లో పుంజాన్ని చూడటానికి కూడా వాడతారు. శూన్య పాత్రల లోపల సిరా, టేపు లాంటివి ఆవిరై అంతా పాడుచేస్తాయి కాబట్టి అక్కడ పింగాణీ, స్ఫటిక తెరలే దిక్కు. పొడిగా ఉన్న ఫాస్ఫర్‌ను ఆల్కహాల్‌లో కలిపి లోహం మీద పోసి, నెమ్మదిగా పేరుకోనిచ్చి ఆరబెడితే పలచని సమమైన పొర వస్తుంది. గట్టిగా అతుక్కోవాలంటే కాస్త సోడియం సిలికేటు ద్రావణం కలుపుతారు.

పొర ఎంత మందం ఉండాలన్నది చిన్న ప్రశ్న కాదు. మరీ మందమైతే వెలుగు పక్కలకు పాకి చుక్క ఉబ్బుతుంది. మరీ పలచనైతే కిరణం పొరను దాటి లోహానికి చేరుతుంది, అయితే అందులో లాభం కూడా ఉంది. అడుగున ఉన్న అల్యూమినియం ఆ కిరణాన్ని తిప్పికొట్టి పొరకు రెండోసారి అందిస్తుంది, పొర వెనక్కి పంపిన వెలుగును కూడా ముందుకు తోస్తుంది. అందుకే నల్లటి రేకు కంటే తెల్లటి అల్యూమినియం మీద పలచని పూత ప్రకాశంగా ఉంటుంది. వెలిగే అణువు లోహానికి పది నానోమీటర్ల లోపు వచ్చేస్తే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. 1970 ప్రాంతంలో కార్ల్ డ్రెక్స్‌హేగ్ యూరోపియం అణువులను లోహపు అద్దానికి దగ్గరగా, దూరంగా జరిపి ఈ లెక్క తేల్చాడు. మరీ దగ్గరైన అణువు తన శక్తిని వెలుగుగా వదలకుండా లోహానికే అప్పగిస్తుంది. సిరా పూత మైక్రాన్లలో ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు.

నూజివీడు గాజు

రసాలకు పేరుపడ్డ నూజివీడులో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రం ఉండేది. అక్కడి భౌతికశాస్త్ర విభాగం నుంచి గాజు పదార్థాల మీద వరుసగా పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. సీసం, టెల్లూరియం, ఫాస్ఫరస్ ఆక్సైడుల లాంటివాటితో గాజు చేసి, అందులో కొద్దిపాటి విరళ మృత్తిక లోహాలు కలిపి, అవి ఏ వెలుగును మింగి ఏ వెలుగును వదులుతాయో కొలవడం అందులో ఒక భాగం. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ ఇదే కోవలో విస్తారమైన పని జరిగింది. ఖరీదైన యంత్రాలు అందుబాటులో లేని చోట కొలిమి, మూస, ఒక వర్ణపట మాపకం ఉంటే చేయగల విజ్ఞానం ఇది. తెలుగు విశ్వవిద్యాలయాలు దీన్ని ఎంచుకోవడానికి అదీ ఒక కారణమై ఉంటుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

యూరోపియం కలిపిన గాజు 612 దగ్గర ఎర్రగా, టెర్బియం కలిపినది 545 దగ్గర పచ్చగా వెలుగుతుంది. ఈ లోహ అయాన్లలో వెలుగును విడుదల చేసే ఎలక్ట్రాన్లు లోపలి కక్ష్యల్లో దాగి ఉంటాయి. బయటి పదార్థం మారినా రంగు పెద్దగా మారదు, కిరణం తగిలినా అణువు విరగదు. కాగితం లాగా పీచులు లేవు కాబట్టి చుక్క పక్కలకు అంతగా పాకదు. అమరికలో లోహపు చట్రానికి బిగించి శాశ్వతంగా వదిలేయడానికి ఇంతకంటే మంచి తెర లేదు. చిక్కల్లా ఒక్కటే, ఈ అయాన్లు మిల్లీసెకన్ల పాటు వెలుగుతూ ఉంటాయి. వేగంగా కదిలే కిరణం వెనక తోక మిగులుతుంది.

వెలుగు నిలిచిపోయే ఈ గుణానికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ కూడా కృష్ణ ఒడ్డుదే. కొల్లూరు గనిలో దొరికిందని భావించే హోప్ వజ్రం, కురచ అతినీలలోహితం ఆపేశాక కూడా చీకట్లో ఎర్రటి నిప్పుకణికలా కొద్ది క్షణాలు వెలుగుతుంది. ప్రతిదీప్తికీ, ఇలా నిలిచి వెలిగే స్ఫురదీప్తికీ తేడా చెప్పడానికి ఇంత ఖరీదైన పాఠం ఇంకోటి ఉండదు.

అచ్చాఫీసు ప్లేటు

విజయవాడ తెలుగు పుస్తకాలకూ పత్రికలకూ అచ్చు కేంద్రం. ఆఫ్‌సెట్ ముద్రణలో బొమ్మ ముందుగా అల్యూమినియం ప్లేటు మీదికి చేరుతుంది. గరుకు చేసి, ఆక్సీకరణ పొర ఎక్కించిన అల్యూమినియం మీద డయాజోనాఫ్తోక్వినోన్ అనే రసాయనం కలిసిన రెసిన్ పూత ఉంటుంది. దాని మీద ఫిల్ము ఆనించి మెటల్ హాలైడ్ దీపం వేసేవారు. 350 నుంచి 420 నానోమీటర్ల కిరణం తగిలిన చోట ఆ అణువు నైట్రోజన్‌ను వదిలేసి ఆమ్లంగా మారుతుంది. క్షార ద్రావణంలో కడిగితే ఆ భాగం కరిగిపోతుంది, తగలని చోట పూత నిలిచి సిరాను పట్టుకుంటుంది.

ఈ వ్యాసానికి కావలసింది కడగకముందు జరిగే సంగతి. ప్లేటుకు కిరణం తగిలిందో లేదో పనివాడికి అక్కడికక్కడే తెలియాలి కాబట్టి పూతలో రంగు మారే పదార్థం కలుపుతారు. కిరణం తగిలిన చోటుకూ తగలని చోటుకూ రంగులో తేడా వచ్చి బొమ్మ మసకగా లోహం మీద కనిపిస్తుంది. లోహం మీద అతినీలలోహిత కిరణం జాడ కనిపింపజేయడం ఇదే కదా. తేడా ఏమిటంటే, ప్రతిదీప్తి కిరణం ఉన్నంతసేపే ఉంటుంది, ఈ మరక నిలిచిపోతుంది. ప్రయోగశాలలో కిరణం నడిచిన దారిని తరువాత తీరిగ్గా కొలవాలనుకునేవాడికి వాడని ప్లేటు ముక్క మంచి సాధనం. కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు మీదికి రాసే యంత్రాలు వచ్చాక దీపం స్థానంలో లేజరు వచ్చింది. వాటిలో ఒక రకం 405 నానోమీటర్ల ఊదారంగు డయోడుతో పనిచేస్తుంది. ఆ ప్లేట్లు ఉంచే గదిలో పసుపు దీపాలే వెలగాలి. ఇంకో రకం 830 నానోమీటర్ల పరారుణంతో, వేడి ద్వారా రాస్తుంది.

పగుళ్లు వెతికే చోట ఇదే విద్య వేరే వేషంలో ఉంటుంది. టర్బైన్ రెక్క గానీ బేరింగు గానీ తీసుకుని ప్రతిదీప్తి ద్రవంలో ముంచి, పైపైన తుడిచి, తెల్లపొడి చల్లుతారు. 365 నానోమీటర్ల దీపం కింద పగులు ఒక్కటే పచ్చని గీతగా మెరుస్తుంది. గదిలో వెలుతురు 20 లక్సులు మించకూడదు, దీపం తీవ్రత లోహం మీద చదరపు సెంటీమీటరుకు కనీసం 1000 మైక్రోవాట్లు ఉండాలి. తెల్ల చొక్కాతో ఆ గదిలోకి వెళ్తే చొక్కా వెలుగే గీతను మింగేస్తుంది.

కాల్చి చూడటం

కిరణం బలమైనదైతే సున్నితమైన పద్ధతులకు ఓపిక ఉండదు. డెవలప్ చేసి నల్లబరిచిన ఫోటో పేపరు మీద ఒక్క స్పందనం కొట్టిస్తే కిరణం ఆకారం తెల్లని మచ్చగా పడుతుంది. ఏటీఎం రసీదు లాంటి ఉష్ణ కాగితం నల్లబడుతుంది. నల్లరంగు ఎక్కించిన అల్యూమినియం వెలిసిపోతుంది. వీటి నుంచి లేచే పొగ అద్దాల మీద పేరుకుంటుందని మరవకూడదు.

ఇంకా బలం పెంచితే లోహమే నోరు తెరుస్తుంది. చదరపు సెంటీమీటరుకు గిగావాటు స్థాయి తీవ్రత చేరాక లోహపు పైపొర ఆవిరై ప్లాస్మాగా మారి, టప్పుమని తెల్లటి మెరుపు వస్తుంది. ఆ మెరుపును విడదీసి చూస్తే లోహంలో ఏ మూలకాలున్నాయో తెలుస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రంలో ఈ పద్ధతిని పేలుడు పదార్థాలు గుర్తించడానికి కూడా మలిచారు. చుక్క ఎక్కడ ఉందో వెతకడానికి మాత్రం ఇది చెడ్డ పద్ధతి. నమూనా మీద గుంట పడుతుంది.

విజయవాడలో సామాన్యుడికి అతినీలలోహిత లేజరు ఎదురయ్యే చోటు కంటి ఆసుపత్రి. కళ్లద్దాలు వదిలించుకోవడానికి చేసే లేసిక్ చికిత్సలో 193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజరు కార్నియాను చెక్కుతుంది. 1981లో అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో రంగస్వామి శ్రీనివాసన్, ఇద్దరు సహచరులతో కలిసి, పండగ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసం మీద దీన్ని ప్రయత్నించారు. పక్క కణజాలం కాలకుండా నునుపైన గాడి పడింది. ఇక్కడ లోహం లేదు కానీ ప్రతిదీప్తి ఉంది. కార్నియా పై పొరకు కిరణం తగిలినంతసేపూ నీలంగా వెలుగుతుంది, ఆ పొర అయిపోయి కిందిది రాగానే వెలుగు ఆగిపోతుంది. కొన్ని చికిత్సల్లో వైద్యుడు ఆ నీలం మాయమయ్యే క్షణం కోసం చూస్తాడు.

దారి చూపే కిరణం

అమరికలో చాలామంది ఎర్రని లేజరును అతినీలలోహితంతో ఒకే దారిలో కలిపి పంపి, ఎర్రచుక్క ఉన్నచోటే రెండోదీ ఉందని నమ్ముతారు. అద్దాలు మాత్రమే ఉన్నంతవరకు ఇది నిజం. కటకం వచ్చిందంటే నమ్మకం చెడుతుంది. ఫ్యూజ్డ్ సిలికా వక్రీభవన గుణకం ఎరుపు దగ్గర 1.457, 355 దగ్గర 1.476, 266 దగ్గర దాదాపు 1.50. ఎర్రచుక్కకు 100 మిల్లీమీటర్ల దూరంలో కేంద్రీకరించే కటకం 355ను 96 దగ్గర, 266ను 91, 92 మధ్య కేంద్రీకరిస్తుంది. ఎర్రచుక్క చూసి లోహపు రేకును బిగించినవాడు, రేకు ఎందుకు తెగడం లేదని రోజంతా వెతుక్కుంటాడు. చివరి అమరికకు ఫాస్ఫర్ తెరే కావాలి.

కెమెరా కూడా వాడవచ్చు. సెల్‌ఫోన్ కెమెరా కటకాలు అతినీలలోహితాన్ని ఆపేస్తాయి, అయినా కార్డు మీది నీలి చుక్కను చక్కగా ఫోటో తీస్తాయి. నేరుగా కిరణాన్నే కొలిచే కెమెరాల్లో సిలికాన్ చిప్పు మీద పసుపుపచ్చని ఫాస్ఫర్ పూత పూస్తారు. అక్కడా పూతే.

కన్నూ చర్మమూ

ఆటోనగర్‌లో వెల్డింగ్ మెరుపు చూసిన కుర్రాడికి ఆ సాయంత్రం ఏమీ ఉండదు. అర్ధరాత్రి దాటాక కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది, నీళ్లు కారతాయి. అతినీలలోహిత లేజరు చెదురు కిరణం చేసేదీ అదే. కార్నియా పైపొర దెబ్బతిన్నాక బాధ తెలియడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. కార్నియాను దాటి లోపలికి పోయే 308 లాంటి కిరణాలు కటకానికి శుక్లాలు తెస్తాయి. 270 నానోమీటర్ల దగ్గర కంటికి రోజుకు అనుమతించిన మోతాదు చదరపు మీటరుకు 30 జౌళ్లు, అంటే చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీజౌళ్లే. కార్డుతో చుక్క వెతికే సమయంలో కార్డు నుంచి వచ్చేది నీలి వెలుగు ఒక్కటే కాదు, చెదిరిన అసలు కిరణం కూడా.

ఇక్కడ ప్రకృతి ఒక సాయం చేసింది. పచ్చ లేజరుతో పనిచేసేటప్పుడు రక్షణ కళ్లద్దాలు పెట్టుకుంటే చుక్క కూడా కనిపించదు, అందుకే జనం వాటిని తీసేసి ప్రమాదం తెచ్చుకుంటారు. అతినీలలోహితం దగ్గర ఆ సాకు చెల్లదు. పాలీకార్బొనేటు అద్దం 380 కంటే కురచ కిరణాలను మింగి, ప్రతిదీప్తి వెలుగును దాదాపు పూర్తిగా వదులుతుంది. తరంగదైర్ఘ్యమూ ఆపే శక్తీ ముద్రించిన లేజరు కళ్లద్దాలే వాడాలి, మామూలు వర్క్‌షాపు అద్దాలు చాలవు. కళ్లద్దాలు పెట్టుకుని చుక్క చూడలేకపోతున్నానంటే తెర తప్పు, అద్దం తప్పు కాదు.

వెతికేటప్పుడు లేజరును వీలైనంత తక్కువ శక్తికి దించాలి. ఒక వాటు కిరణంలో పూత లేని గాజు తలం నుంచి వెనక్కి తిరిగే నాలుగు శాతం కూడా 40 మిల్లీవాట్లు. ఉంగరాలు, గడియారం, గాజులు తీసేయాలి. కార్డును కిరణంలోకి పక్క నుంచి తీసుకురావాలి, దాని వెనక ఏముందో ముందే చూసుకోవాలి. 242 నానోమీటర్ల కంటే కురచ కిరణం గాలిలోని ఆక్సిజన్‌ను విడగొట్టి ఓజోన్ పుట్టిస్తుంది, అందుకే 193 లేజరు దగ్గర గాలి పోయే ఏర్పాటు తప్పనిసరి. తెల్లకోటు వేసుకున్నవాడి భుజం మీద ఉన్నట్టుండి నీలి చుక్క వెలిగితే, ఎక్కడో ఒక లోహపు అంచు కిరణాన్ని పక్కకు విసురుతోందన్నమాట. అప్పుడు ముందు షట్టర్ మూయాలి, తరువాత ఆ అంచును వెతకాలి.